‘అట’ : అర్థచ్ఛాయలు – డచ్ అనువాదం

తెలుగు వాక్యం చివర చేరే ‘అట’ రెండక్షరాల పదం. వ్యవహారంలో ‘అంట’గానూ వినిపించే ఈ పదం ‘అను’ ధాతువుకు చుట్టం. చెబుతున్న విషయం వక్త కళ్లారా చూసినది కాదనీ, ఒకరు అనగా విన్నదనీ తెలపడం దీని ప్రధాన ప్రయోజనం. ఆ అన్నవారెవరో చెప్పనక్కర లేకపోవడం దీనిలోని సౌలభ్యం.

సందర్భాన్ని బట్టి దీని అర్థచ్ఛాయ మారుతుంది. ‘రేపు వాన పడుతుందట’ అంటే వార్త. ‘ఆయన పండితుడట!’ అంటే ఎత్తిపొడుపు. ‘నేను గర్విష్ఠినట!’ అంటే తనపై పడిన నిందను వక్త తిప్పికొట్టడం. ‘ఎప్పుడు వస్తాడట?’ అన్న ప్రశ్న, వచ్చేవాడు ఏమన్నాడో అడుగుతుంది. ‘అనగనగా ఒక రాజు ఉండేవాడట’ అన్న కథకుడు పెద్దల మాటను అందించేవాడు మాత్రమే.

డచ్ భాషలో ఇన్ని పనులకు ఒకే పదం లేదు. విన్న వార్తకు ‘స్ఖైనెన్’ అనే క్రియ గానీ ‘జౌ’ అనే సహాయక క్రియ గానీ వస్తుంది. ఎత్తిపొడుపుకు, ‘పేరుకు మాత్రమే’ అన్న అర్థమిచ్చే ‘జోఖనామ్ట్’ కొంత సరిపోతుంది. కథారంభంలోని ‘ఎర్ వాస్ ఏన్స్’లో వినికిడి జాడే ఉండదు.

ఈ తేడా ఎంత దూరం పోగలదో ఒక ఇంటి ఉత్తరం చూపుతుంది. నెదర్లాండ్స్‌లో పెరిగి, తెలుగు చదవలేని మనుమరాలికి అమ్మమ్మ ఇలా రాసింది: ‘చివరి క్షణంలో మీ తాతయ్య నీ పేరే పలికారట.’ తల్లి దానిని డచ్‌లోకి మార్చుతూ మొదట ‘అట’ను వదిలేసింది. ‘అమ్మమ్మ పక్కనే ఉందన్నమాట’ అని కూతురు ఊరట చెందింది. కానీ ఆ సమయంలో అమ్మమ్మ అక్కడ లేదు. ఉత్తరంలో ఆ సంగతి తెలిపేది ‘అట’ ఒక్కటే. తల్లి ‘జౌ’ చేర్చి తిరగరాసింది. రుజువు కాని ఆరోపణలకు పత్రికలు వాడే క్రియ అది. ‘అయితే నిజం కాదా?’ అంది కూతురు. చివరికి ‘అని నాతో చెప్పారు’ అన్న అర్థం వచ్చే పూర్తి వాక్యం రాయవలసి వచ్చింది. ‘ఎవరు చెప్పారు?’ అని కూతురు అడిగింది. ఉత్తరంలో దానికి జవాబు లేదు.

మూడో అనువాదమే మూలానికి దగ్గరిది. మొదటిది అమ్మమ్మను చూడనిదానికి సాక్షిని చేసింది. రెండవది ఆమె నమ్మినదాన్ని సందేహంగా మార్చింది. మూడవది ఆమె అనని మాట ఒకటి చేర్చినా, ఆమె నిలిచిన చోటునే ఆమెను నిలిపింది. ‘అట’ను అనువదించేవారు ముందుగా తేల్చుకోవలసినది ఆ చోటునే.