తాళం చెవి ఎక్కడ?

నిప్పుతో ఆడవాళ్ల కాపురం ఇవాళ్టిది కాదు. పొద్దున్న కాఫీతో మొదలై రాత్రి పాలు తోడుపెట్టేదాకా దాని ముందే కదా మన బతుకంతా! వేలు చురుక్కుమంటే చెవితమ్మె పట్టుకుని మళ్లీ పోపులో పడతాం. ఆ చనువువల్లనేమో, ఇల్లు అంటుకుంటుందంటే మనకి నమ్మబుద్ధి కాదు. దొంగ వస్తాడంటే మాత్రం వెంటనే నమ్మేస్తాం.

మా అపార్టుమెంటులో ఏ వాటా చూసినా అంతే. వీధి తలుపు ముందు మరో ఇనపతలుపు, కిటికీలకి ఊచలు, బాల్కనీకి పైనించి కిందదాకా గ్రిల్లు. "చీమ దూరదు" అని ఎదురింటి వదినగారు మురిసిపోతారు. దూరదు సరే, లోపలి చీమ బయటికెలా పోతుందీ?

"రాత్రి తాళం చెవులు ఎక్కడ పెడతారు వదినగారూ?" అన్నాను ఓ రోజు.

"బీరువాలో. బీరువా తాళాలు మీ అన్నయ్యగారి తలగడ కింద. ఆయన ఊరెళితే ఎక్కడ దాస్తారో నాకూ చెప్పరు" అన్నారావిడ గర్వంగా.

2025 మే 18, ఆదివారం పొద్దున్న హైదరాబాదులో చార్మినారు దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక ఇల్లు అంటుకుంది. 17 మంది పోయారు. అందులో 8 మంది పసివాళ్లు. మెట్లదారి ఇరుకు. అంతకుముందు 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు చిన్నవయసు వాళ్లు పోయారు. రెండుచోట్లా ముఖ్యంగా ప్రాణాలు తీసింది మంట కాదు, పొగ.

సినిమాల్లో హీరో కంబళి కప్పుకుని మంటల్లోకి దూకుతాడు గానీ, దగ్గుతూ నేలమీద పాకడు. పాకాల్సింది నిజానికి అలాగే. పొగ ముందు పైకప్పుకి చేరి, అక్కణ్ణించి కిందికి దిగుతుంది. కట్టెలపొయ్యి రోజుల్లో మా అమ్మమ్మ పీట మీద కూర్చుని సుఖంగా వండేది. నిలబడి తొంగిచూసిన మాకు కళ్లు మండేవి. ఆ లెక్కే ఇదీను. పొగలో కలిసి వుండే కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో వున్నవాళ్లని లేపకుండానే తీసుకుపోతుంది. ముక్కుకి తడిగుడ్డ పెట్టుకుంటే మసి కాస్త ఆగుతుందేమో గాని, ఈ విషం ఆగదు.

దారి వుంటే నగలూ, దస్తావేజులూ అనకుండా పిల్లల్ని లాక్కుని మెట్లమీదుగా పోవడమే, వెనకాల తలుపు మూసేసి. లిఫ్టు జోలికి వెళ్లొద్దు. దారి వుందో లేదో తెలియకపోతే తలుపుని ముందు అరచేతి వెనకవైపుతో తాకి చూడాలి. వేడిగా వుంటే తెరవకూడదు. అప్పుడు వీధివైపు కిటికీ వున్న గదిలో చేరి తలుపు వేసుకుని, కింది సందులో తడిపిన చీరో దుప్పటో దోపాలి. మూసిన తలుపు మనకి కొన్ని నిమిషాలు ఇస్తుంది. ఆ నిమిషాల్లో 101కో 112కో ఫోను చేసి ఎన్నో అంతస్తో, ఏ వైపు గదో చెప్పాలి. కిటికీలోంచి తెల్లగుడ్డ ఊపాలి, రాత్రయితే సెల్‌ఫోను లైటు. నీళ్లుంటాయి కదా అని చాలామంది బాత్రూములో దూరతారు. సరైన కిటికీ లేని చోట మనం వున్నామని ఎవరికి తెలుస్తుంది? పిల్లలైతే భయంతో మంచం కింద దాక్కుంటారు. పిలిచినా పలకరు. ఇది వాళ్లకి ముందే చెప్పి వుంచాలి.

మాది రెండో అంతస్తు. నిచ్చెన అందుతుంది, గ్రిల్లు అడ్డం. దానికి మనిషి పట్టేంత చిన్న తలుపు పెట్టిద్దామన్నాను మావారితో.

"దొంగకి స్వాగతమా?" అన్నారు.

"తాళం వేద్దాం. చెవి లోపల మేకుకి తగిలిద్దాం, బయటి చెయ్యి అందకుండా."

ఆయన రెండు రోజులు ఆలోచించి, మూడోరోజు వెల్డింగు కుర్రాణ్ణి పిలుచుకొచ్చారు. "ఎందుకమ్మా చక్కటి గ్రిల్లు కోయడం?" అని వాడూ ఒక మాట అన్నాడనుకోండి! ఆ రాత్రి దీపాలన్నీ ఆర్పేసి, మా ఎనిమిదేళ్ల పిల్లని తియ్యమన్నాం. మేకు అందలేదు దానికి. మర్నాడు ఆయనే మేకు పీకి జానెడు కిందికి కొట్టారు.