నది పక్కన నిద్రపోయిన పిల్లలు



వేసవి శిబిరానికి పేర్లు రాసుకునే రోజులొచ్చాయి. ఏటా ఈ సమయానికి పాటల గురించీ భోజనాల గురించీ రాస్తాను. ఈసారి అమెరికాలోని ఒక పల్లె గురించి రాస్తున్నాను. ఓపికగా చదవండి.

ఆ ఊరి పేరు హంట్. టెక్సాస్‌లో గ్వాడలూపే నది రెండు పాయలు కలిసేది అక్కడే. కొట్టూ, బడీ, పోస్టాఫీసూ ఉన్న చిన్న ఊరు. మునిసిపాలిటీ కూడా కాదు. అయినా దాని పేరు దూరాలకు తెలిసింది పిల్లల వేసవి శిబిరాల వల్లే. క్యాంప్ మిస్టిక్, క్యాంప్ వాల్డెమార్ రెండూ 1926లో మొదలయ్యాయి. అమ్మమ్మ వెళ్ళిన శిబిరానికే అమ్మ, అమ్మ వెళ్ళినదానికే కూతురు వెళ్ళిన ఇళ్ళున్నాయి. పగలంతా ఈత, పడవలు, గుర్రాలు. రాత్రి నది పక్కనే నిద్ర.

2025 జూలై 4న, ఇంకా తెల్లవారకముందే, ఆ నది 45 నిమిషాల్లో దాదాపు 26 అడుగులు లేచింది. ఒక్క క్యాంప్ మిస్టిక్‌లోనే 27 మంది చనిపోయారు. చిన్న ఆడపిల్లలు, వాళ్ళను చూసుకునే అమ్మాయిలు. శిబిరం నడిపే డిక్ ఈస్ట్‌లాండ్ పిల్లలను బయటికి తేవాలని వెళ్ళి తానూ ప్రాణం వదిలాడు.

గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకు ఈ లెక్క నమ్మబుద్ధి కాదు. మన గోదారి చెప్పి వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు కిందికొచ్చేలోపు లంకల్లోవాళ్ళు గేదెల్ని గట్టెక్కించి, బియ్యం అటకమీద పెట్టుకుంటారు. అక్కడ అలా కాదు. సున్నపురాతి కొండలు, పైన పల్చటి మట్టి. కురిసిన వానను నేల తాగదు, మొత్తం ఏట్లోకే జారుతుంది.

ఆ నది సంగతి వాళ్ళకు తెలియనిదేమీ కాదు. 1987 జూలైలో, ఇదే నదికి దిగువన, శిబిరం నుంచి ఇంటికి పోతున్న ఒక చర్చి పిల్లల బస్సు వరదలో చిక్కుకుని పదిమంది చనిపోయారు. సైరన్లు పెట్టాలన్న మాట కూడా తర్వాత అక్కడి అధికారుల ముందుకొచ్చింది. డబ్బు కుదరలేదు, ఆ మాట అక్కడే ఆగింది.

ఇలాంటప్పుడు "దేవుని చిత్తం" అని త్వరగా అనేస్తాం. నేననను. కూతురి పెట్టె మాత్రమే ఇంటికి తిరిగొచ్చిన తల్లి ముందు ఆ మాట అనే ధైర్యం నాకు లేదు, అనాలన్న కోరికా లేదు. "మా పిల్లను మాత్రం దేవుడు కాపాడాడు" అనే సాక్ష్యం కూడా, పక్కింటి తల్లి వింటుండగా, కాస్త ఆలోచించే చెప్పాలి. నోవహు కథను మనం ఓడ కోసం చెప్పుకుంటాం. నాకైతే అందులో ముందుగా కనిపించేది, ఆకాశం పొడిగా ఉన్నప్పుడే కొయ్యలు కోసిన మనిషి.

పిల్లల్ని పోగొట్టుకున్న ఆ తలిదండ్రులు ఏడుస్తూనే శాసనసభకు వెళ్ళారు. వరద ముంపు నేలలో శిబిరాల పడక గదులు ఉండకూడదని రెండు నెలల్లో టెక్సాస్ చట్టం చేసింది. దానికి వాళ్ళు పెట్టిన పేరులోనే ఆ 27 మంది ఉన్నారు. నా దృష్టికి అదీ ప్రార్థనే.

ఇక మన శిబిరం. ఈ ఏడు లంకలో కాదు, గట్టు మీది బడిలో. రేవు దాటి వచ్చే పిల్లలకు పడవలో లైఫ్ జాకెట్లు ఉంటాయి, అవి లేకుండా పడవ కదలదు. రాత్రి కాపలాకు ఇద్దరిద్దరు కావాలి. వయసులో ఉన్న తమ్ముళ్ళు ఆదివారం ఆరాధనయ్యాక నా దగ్గర పేర్లివ్వండి.