వాడపల్లి యాత్రయు, ఒక చిన్న ఫ్యూజును

మిర్యాలగూడ యని పేరు చెప్పినంతనే తెలుగు గృహిణులకు బియ్యపు బస్తా జ్ఞప్తికి వచ్చుట సహజము. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి. లాల్ బహదూర్ కాలువ యనబడు ఎడమకాలువ నీరు మా ప్రాంతమునకు వచ్చిన పిదప మెట్టచేలు మాగాణులైనవి. మాగాణుల వెంట మిల్లులు లేచినవి. నేడు మా యూరి పొలిమేరలలో ఎటు చూచినను మిల్లు గొట్టములే. ఉప్పుడు బియ్యము ఉడుకు వాసన, లారీల బారులు, గాలిలో ఊకబూడిద. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ద్విచక్రవాహనముపై పోవువారికి శిరస్త్రాణమును విధించినది గాని, మా యూరిలో చట్టముకంటె నీ బూడిదయే ఎక్కువ మందిచేత దానిని పెట్టించినదని మా యభిప్రాయము. కంటిలో నొక్క రవ్వ పడినచో చాలును, మరునాడు అందరును అద్దము గల హెల్మెట్టు కొనుక్కొందురు.

ధాన్యమున్నచోట ఎలుకలుండును. ఎలుక పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండునట. కావున అరగదీసికొనుటకై అది ఏదో యొకటి కొరుకుచు నుండవలసినదే. గింజలు తిని తృప్తిచెందక మిల్లు ఆవరణలో నిలిపిన మోటారుసైకిళ్ల తీగలను గూడ కొరుకును. కొందరు కలరా ఉండలను గుడ్డలో మూటగట్టి సీటు క్రింద వ్రేలాడదీయుదురు. కొన్నాళ్లు వాసన బండికి పట్టును, ఎలుక మాత్రము రాక మానదు. ఈ కారణముచేత మా యూరివారికి బండి విద్యుత్తు సంగతులు కొంత ఎక్కువగనే తెలియును.

మావారు బడిపంతులు. దినమునకు రానుపోను 40 కిలోమీటర్లు మోటారుసైకిలు మీద పోయి పాఠములు చెప్పి వత్తురు. ఆయనతో పనిచేయువారును, కోదాడ, సూర్యాపేటల నుండి వచ్చు స్నేహితులును, పొరుగున నుండు మిల్లు గుమాస్తాగారును కలిసి సెలవు దినములలో అయిదారు బండ్లపై ఎక్కడికైన పోయి వచ్చుట మాకొక అలవాటైనది. ఈ బృందమునకు పేరు లేదు, చందా లేదు. ఒకరి బండిని మరియొకరు పరిహసించుట మాత్రము నియమము.

ఈ పరిహాసము మావారు కనిపెట్టినది కాదు. ఇంగ్లండులో లూకాస్ అను కంపెనీ పూర్వము మోటారు బండ్లకు దీపములు, తీగలు మొదలైనవి సరఫరా చేసెడిది. ఆ దీపములు నడిదారిలో ఆరిపోవుచుండుటచే అచ్చటివారు దానికి 'అంధకార ప్రభువు' అని బిరుదమిచ్చిరి. ఆ మాట నేటికిని పాతబండ్లవారి నోళ్లలో నున్నది. మన దేశమున 1955లో మద్రాసునందు కర్మాగారము నెలకొల్పి బుల్లెట్లు చేయనారంభించిరి. ఆ పాత బుల్లెట్టు దీపపు టోపీపై ఆంపియర్ల ముల్లొకటి యుండెడిది. దాని కదలికను చూచి, సమయమెరిగి, కాలితో తన్నవలెను. ఎరుగనివానికి బండి కదలదు సరికదా, కాలికి దెబ్బ తగులును. 1985లో హీరో హోండా సీ.డీ.100 వచ్చిన తరువాత ఈ విద్య క్రమముగా మూలబడెను. ఆ కాలపు బండ్లు చాలవానిలో దీపమునకు వెలుగు నేరుగా ఇంజనునుండియే వచ్చెడిది. వడి పెంచిన వెలుగు పెరుగును, బండి మెల్లనైన దీపము మిణుకుమనును. గోతి దగ్గర మెల్లగా పోవునప్పుడే వెలుగు కావలెను, అప్పుడే యది తగ్గును! 2017 ఏప్రిలు 1 నుండి క్రొత్తగా తయారగు బండ్లకు పగలు రాత్రి యనక దీపము వెలుగుచుండవలెనని నియమము వచ్చినది. మా బండి అంతకు పూర్వపుది. దీపమునకు మీట కలదు.

కార్తికమున నొక ఆదివారము వాడపల్లికి పోయితిమి. మిర్యాలగూడకు దక్షిణముగా అద్దంకి పోవు బాటలో దామరచర్ల మీదుగా సుమారు 25 కిలోమీటర్లు. అచ్చట మూసీనది వచ్చి కృష్ణలో కలియును. హైదరాబాదు నడుమ మూసీని చూచి ముక్కు మూసికొన్న సోదరీమణులు ఇక్కడి వెడల్పును చూచి ఆశ్చర్యపడుదురు. వంతెన దాటిన పొందుగుల. 2014 జూన్ 2 నుండి అది పరరాష్ట్రము. ఆవలి ఒడ్డున స్నానమాడువారి మాటలు మాత్రము ఈవలకు చక్కగ వినవచ్చును.

సంగమము దగ్గర అగస్త్యేశ్వరాలయమును, లక్ష్మీనరసింహస్వామి యాలయమును గలవు. నరసింహస్వామి సన్నిధిలో రెండు దీపములు పెట్టుదురు. పాదముల చెంత దీపము నిశ్చలముగా నుండును. ముఖము చెంతనున్న దీపము కదలుచుండును. అది స్వామి యుచ్ఛ్వాస నిశ్వాసములచేత నని చెప్పుదురు. మేము చాలసేపు నిలిచి చూచితిమి. వెనుక వరుసవారు తొందరపెట్టిరి గాని, ఆ చిన్న జ్వాల ఇటునటు ఒదుగుచుండగా కన్నులు త్రిప్పుకొనుట కష్టమైనది. సాయంకాలము నదిలో దీపములు వదలి, ప్రొద్దుగ్రుంకు వేళకు తిరుగు ప్రయాణమైతిమి.

కార్తికమనగా మా వైపు వానకాలపు వరికోతలు. రోడ్డు సగము వడ్లకళ్లమగును. ఆరబోసిన వడ్ల చుట్టును బండ్లు ఎక్కకుండ పెద్దపెద్ద రాళ్లు పెట్టుదురు. ఉదయమున వడ్లు ఎత్తుకొని పోయినను రాళ్లు అచ్చటనే యుండును. మిల్లులకు పోవు ట్రాక్టరు తొట్లకు వెనుక దీపములు అరుదు. క్రిందటి సంవత్సరము మావారితో పనిచేయు నొకాయన చీకటిలో అట్టి రాయి తగిలి మూడు నెలలు మంచమున నుండెను. కావున దీపములేని బండియనగా మాకు నవ్వులాట కాదు.

దామరచర్ల ఇంకను కొంత దూరముండగా, ఒక వడ్లరాశిని తప్పించుటకై మావారు హ్యాండిలును కుడికి త్రిప్పిరో లేదో, దీపము, హారను, ఇంజను మూడును ఒక్కసారి పోయినవి. బండిని రోడ్డు ప్రక్కకు త్రోసితిమి. తక్కినవారు వచ్చి తమ దీపములు మావైపు త్రిప్పి నిలిపిరి. పిమ్మట పనికంటె ముందు నియమము నెరవేర్చిరి.

"అన్నా, నీ బండికి గ్రహణం పట్టినట్టుంది. కృష్ణ దగ్గరనే ఉన్నది, పట్టు స్నానం చేయించి తెద్దామా?" అని కోదాడ మరిది.

"మా ఊరి పేర్లనే సూర్యుడున్నడు. మాకు లైట్ల బాధ లేదు," అని సూర్యాపేట ఆయన.

"పొద్దుగూకినంక మీ సూర్యుడు ఏ పేటకు పోతడో చెప్పు ముందు!"

దీపము, హారను, ఇంజను కలిసి పోయినప్పుడు బల్బును అనుమానించి ప్రయోజనము లేదు. మూటికిని సామాన్యమైన త్రోవ ఫ్యూజే. సీటు తీసి చూడగా అది మాడియున్నది. వెంటనున్న 10 ఆంపియర్ల ఫ్యూజొకటి పెట్టిరి. బండి లేచినది, నాలుగు బారలు పోయి హ్యాండిలు త్రిప్పినంతనే మరల చచ్చినది. ఇక నొక్క ఫ్యూజు మిగిలినది.

అప్పుడు గుమాస్తాగారు, "సిగరెట్ డబ్బల తళుకు కాయితం చుట్టుర్రి చెల్లె, ఇల్లు చేరుతది. ఎప్పటి సంది గిదే నడుస్తున్నది," అనిరి. ఆయన మాకు పెద్దవారు. ఎదురుచెప్పుట ఇష్టములేకపోయినను వలదంటిమి. ఫ్యూజు ద్వారపాలకుని వంటిది. లోపల నిప్పు పుట్టకముందే తాను మడిసి త్రోవ మూయును. 12 వోల్టుల బండిలో 35 వాట్ల దీపము త్రాగునది సుమారు 3 ఆంపియర్లు. 10 దాటిన విద్యుత్తు ఎక్కడికో పోవుచున్నదనగా ఏదో తీగ ఇనుమును తాకుచున్నదన్నమాట. తళుకు కాగితము దానిని ఆపదు. ఫ్యూజు మాడుటకు మారుగా తీగలు మాడును. ఆ తీగల కట్ట పోవునది పెట్రోలు ట్యాంకు క్రిందనే! మాట్లాడుచుండగనే వడ్ల ట్రాక్టరొకటి దీపములేక మా ప్రక్కనుండి రాసికొన్నట్లు పోయినది. పిల్లలను రోడ్డు దిగువకు దింపితిమి.

మా తండ్రిగారు మాకు ఇంటనే తర్కసంగ్రహము చదివించిరి. పొగను చూచి నిప్పును ఊహించుటకు అందు తీసిన దృష్టాంతము వంటయిల్లు. గ్రంథకర్త యగు అన్నంభట్టు తెలుగువాడని చెప్పుదురు. ఆడువారికి చక్కగ అర్థమగు నుదాహరణమే దొరికినది. ఏది యున్నప్పుడు ఏది యుండునో అది అన్వయము; ఏది లేనప్పుడు ఏది లేకపోవునో అది వ్యతిరేకము. హ్యాండిలు త్రిప్పినప్పుడే ఫ్యూజు పోవుచున్నది. తిన్నగా పోవునంతసేపు పోవుటలేదు. దోషము హ్యాండిలు మెడ దగ్గర నుండవలెను.

కాని మిగిలిన యొక్క ఫ్యూజును పరీక్షకు బలిపెట్టుటెట్లు? ఇందుకొక ఉపాయము కలదు. ఫ్యూజుండవలసిన చోట రెండు తీగలు కట్టిన చిన్న బల్బును కలుపవలెను. దీపపు మీట, తక్కిన మీటలు ఆపి తాళము త్రిప్పినచో బల్బు మిణుకుమని యూరకుండును. ఎచ్చటనైన తీగ చట్రమును తాకెనా, బల్బు నిండుగ వెలుగును. ఎన్నిమార్లు తాకినను ఫ్యూజు ఖర్చు లేదు. మావారి సంచిలో సూచికదీపపు బల్బు ఉండెను. అది కట్టి, మావారు దానిని చూచుచుండగా మేము హ్యాండిలు పట్టుకొని మెల్లగా త్రిప్పితిమి. ఎడమకు: మిణుకు. నడుమ: మిణుకు. కుడికి: భగ్గుమని వెలిగెను. కోదాడ మరిది, "వదినే, ఇంకొక్కసారి!" అని చిన్నపిల్లవానివలె అడిగెను. ఇంకొకసారి త్రిప్పితిమి. మరల వెలిగెను.

ముందుగా బ్యాటరీ ఋణాగ్రపు తీగను విప్పించితిమి. అది చట్రమునకే కలిసియుండును గనుక దానిని తీసిన పిమ్మట స్పానరు జారి ఇనుమును తాకినను మెరుపు పుట్టదు. మెడ దగ్గర తీగల కట్టను విప్పి చూడగా నువ్వుగింజంత చోట తొడుగు అరిగి రాగి కనబడుచున్నది. దానిని బిగించి పట్టవలసిన క్లిప్పు లేదు. వేసవిలో ముందు ఫోర్కు బాగుచేసిన చోట ఎవరో దానిని తిరిగి పెట్టలేదు. పాపము ఎలుకలు! ఈసారి వానిమీద నింద మోపుటకు వీలులేకపోయెను.

గరకు కాగితముతో తుడిచి, టేపు చుట్టి, దానిపై సైకిలు ట్యూబు ముక్కను తొడిగి, తీగ మరల ఒరయకుండ సూర్యాపేట వారి యమ్మాయి ఇచ్చిన జడ రిబ్బనుతో కట్టితిమి. హ్యాండిలు ఈ కొననుండి ఆ కొనకు త్రిప్పినను బల్బు నిండుగ వెలుగలేదు. అప్పుడు చివరి ఫ్యూజు పెట్టిరి. ఇంజను లేచినది, దీపము వెలిగినది. ఇంటికి వచ్చి మల్టీమీటరు పెట్టి చూడగా, బండి నడచుచుండ 14 వోల్టులు, ఆపి కొంతసేపు ఉంచిన పిదప 12.6. బ్యాటరీకి హాని లేదని తెలిసినది.

ఆ సంచి నిప్పుడు మేమే సర్దుచున్నాము. రెండు మూడు ఫ్యూజులు, తీగలు కట్టిన బల్బు, టేపు, గరకు కాగితము, చిన్న పట్టకారు, స్క్రూడ్రైవరు, ట్యూబు ముక్క. వంటింటి పోపుల పెట్టెకంటె చిన్నది. వచ్చు నెలలో మట్టపల్లికి పోవుటకు నిశ్చయమైనది.

మరునాడు గుమాస్తాగారు తమ బండిని మా వాకిట నిలిపి, ఫ్యూజు పెట్టె విప్పి చూడుమనిరి. అందు తళుకు కాగితమే యున్నది. ఎప్పుడు చుట్టితిరని యడుగగా ఆయనకు జ్ఞప్తికి రాలేదు. సిగరెట్టు మానివేసి మాత్రము ఏడేండ్లైనదని చెప్పిరి.