ఫ్రాన్సు చూసొచ్చాం... కాకినాడ బస్సులో!

"ఏమండీ, మేం నలుగురం ఫ్రాన్సు వెళ్ళొస్తాం" అంటే మావారు పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు. "పాలవాడికి చెప్పి వెళ్ళు" అన్నారు. మల్లాపూర్ గల్లీలో ఇడ్లీపిండి రుబ్బుకునే మాకు ఫ్రాన్సేమిటని మీరూ నవ్వుకుంటున్నారు కదూ? నవ్వండి. కానీ 1723లో ఫ్రెంచివాళ్ళు వచ్చి వర్తకం పెట్టుకుని, మధ్యలో కొన్నేళ్ళు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయినా, 1954 దాకా ఏలుకున్న తెలుగు ఊరు ఒకటుంది. అదే యానాం!

నాకు ఆ ఊరి మీద చిన్నప్పట్నుంచీ గురి. మా అమ్మమ్మ పెళ్ళి అక్కడే జరిగింది మరి.

2023 సెప్టెంబరులో ముహూర్తం కుదిరింది. పక్కింటి వదిన, ఎదురింటి అక్క, మేడమీద పిన్నిగారు, నేను. పులిహోర, పెరుగన్నం డబ్బాలు సర్దుకుని హబ్సిగూడ, తార్నాక మీదుగా ఆటోలో సికింద్రాబాద్ చేరి, రాత్రి గౌతమి ఎక్కాం. తెల్లారేసరికి కాకినాడ. కాంప్లెక్సులో కాఫీ తాగి బస్సెక్కితే ముప్ఫై కిలోమీటర్లు. ఎడమవైపు కోరంగి మడ అడవుల పచ్చదనం. తాళ్ళరేవు దాటాక ఉన్నట్టుండి బళ్ళ నంబర్లు 'పీవై' అయిపోయాయి. ఆఫీసు బోర్డుల మీద 'పుదుచ్చేరి ప్రభుత్వం' అని ఉంది. ఎక్కడి పుదుచ్చేరి, ఎక్కడి గోదావరి!

"గిదా మీ ఫ్రాన్సు? అందరు తెలుగే మాట్లాడుతుండ్రు గదా!" అంది ఎదురింటి అక్క. బస్సంతా నవ్వింది.

సముద్రపు ఒడ్డు అనుకుని వెళ్ళామా, ఎదురుగా కనబడింది గౌతమీ గోదావరి. సముద్రం ఇంకా కొన్ని కిలోమీటర్లు కిందికి ఉంది. అయితేనేం, అవతలి గట్టు అంత దూరాన ఉంటే అది సముద్రం కాక మరేమిటి! ఒడ్డున భరతమాత విగ్రహం, ఏసుక్రీస్తు విగ్రహం, శివలింగానికి అభిషేకం చేసే ఏనుగులు, అన్నీ ఒక్కచోటే. పారిస్ వాళ్ళ టవరుని తలపించే వంద మీటర్ల పైచిలుకు గోపురం కూడా ఉంది. ఫ్రెంచి మిషనరీలు కట్టించిన పాత చర్చి చూశాం. మీసాల వెంకన్న గుడిలో స్వామికి నిజంగానే మీసాలున్నాయి. పిన్నిగారు లెంపలేసుకుంటూనే ముసిముసిగా నవ్వారు.

చేపల బజారు దగ్గర పిన్నిగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డారు. మేం మాత్రం వదల్లేదు. వరద రోజుల్లో సముద్రంలోంచి గోదావరి ఎర్రనీటికి ఎదురీదుకుంటూ వచ్చే చేపే పులస. ఉప్పునీళ్ళలో ఉన్నంతసేపూ దాని పేరు విలస. ధర వేలల్లో పలుకుతోంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఊరికే పుట్టలేదు! చేపలమ్మే ఆవిడ పులుసు కిటుకు చెప్పింది, రాసుకోండి. మట్టిదాకలో సన్నసెగ మీద కాయాలి. బెండకాయలు, పచ్చిమిర్చి వేయాలి. గరిటె పెట్టకూడదు, దాకనే పట్టుకుని తిప్పాలి. దించేముందు కాస్త వెన్న. ఇవాళ వండి రేపు తినాలి. కొనే స్తోమత మాకెక్కడిది? హోటల్లో మామూలు చేపల పులుసుతో సరిపెట్టుకున్నాం.

సాయంత్రం గట్టు మీద కూర్చున్నాం. ఎదుర్లంకకి వెళ్ళే బాలయోగి వంతెన మీద బస్సులు పోతున్నాయి. ఆ వంతెన 2002లో వచ్చింది. అంతకుముందు ఏరు దాటాలంటే పంటే గతి. మా అమ్మమ్మ కోనసీమ నుంచి అలా పడవ మీదే వచ్చింది, తొమ్మిదేళ్ళ పెళ్ళికూతురిగా.

ఎందుకొచ్చిందో తెలుసా? 1929లో శారదా చట్టం చేశారు. 1930 నుంచి ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్ళి చేస్తే ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో నేరం. యానాం ఫ్రెంచివాళ్ళది కాబట్టి ఆ చట్టం వర్తించదు. ఇంకేం, చుట్టుపక్కల జిల్లాల వాళ్ళంతా పిల్లల్ని పడవలెక్కించి తెచ్చి ఇక్కడ మూడుముళ్ళు వేయించి తీసుకుపోయేవారట. అందుకే దీనికి కల్యాణపురం అని పేరు. ఎంత అందమైన పేరో చూడండి!

అమ్మమ్మకి పెళ్ళి గురించి గుర్తున్నవి రెండే. పడవలో నిద్రపోవడం, కాళ్ళకి పారాణి ఆరకముందే బురదలో దిగడం. "పలక ఇంట్లోనే వదిలేశానే, మళ్ళీ పట్టలేదు" అనేది. పోయేదాకా సంతకం దగ్గర వేలిముద్రే.

ఇది చెబుతుంటే పక్కింటి వదిన ఒక్కసారిగా కళ్ళు తుడుచుకుంది. వాళ్ళమ్మాయి డిగ్రీ రెండో ఏడు. మంచి సంబంధం వచ్చిందని మాఘమాసంలో చేసేద్దామనుకుంటున్నారు. "చట్టం ప్రకారం ఈడొచ్చిందిగా అని నేనూ తలూపాను. దాన్ని మాత్రం ఒక్కమాట అడగలేదు" అంది.

నేనేం చెప్పగలను? ఇంటరు ఫలితాలొచ్చిన నెలకే పెళ్ళిపీటలెక్కినదాన్ని. ఎదురింటి అక్కే అంది, "ఇంకేంది, ఫోన్ జెయ్యి. పెండ్లికొడుకును గాదు, పిల్లను అడుగు."

వదిన కాస్త దూరం వెళ్ళి కూతురితో చాలాసేపు మాట్లాడింది. తిరిగొచ్చి, "పరీక్షలయ్యాక చూద్దాం అంటోందర్రా. వాళ్ళ నాన్నతో నేను మాట్లాడాలి" అంది. ఆ మాట్లాడటం అంత తేలిక కాదని మా అందరికీ తెలుసు. అయినా రైల్లో ఆవిడే అందరికంటే ముందు నిద్రపోయింది.

మీరూ వెళ్ళదలిస్తే ఒకరోజు చాలు. కాకినాడ నుంచి బస్సులున్నాయి. గొడుగు, మంచినీళ్ళ సీసా మరవకండి. మంగళవారం అయితే సంత కూడా చూడొచ్చు. మందు చవకని వచ్చే మగవాళ్ళ సందడి ఎక్కువ కాబట్టి చీకటిపడేలోగా కాకినాడ చేరుకోండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే, వెళ్ళేముందు వాళ్ళ పెళ్ళి ఎక్కడ జరిగిందో ఒక్కసారి అడగండి.