పని లేని బండికే పని ఎక్కువ

ఏం వదినా, పొద్దున్నుంచి మా ఇంట్లో ఈ ఠంగుఠంగు చప్పుడేందా అని చూస్తాండావా? ఏమీ లేదులే. మీ తమ్ముడు ట్రాక్టరు కింద దూరినాడు. శనగ పని అయిపోతానే షెడ్డులో నిలబెట్టిన బండి. రోహిణి కార్తె వచ్చినా ఆ మనిషికి గుర్తు రాకపాయె. నేను పోరు పెడితే కదిలినాడు.

నన్నడిగితే, పని చేసే బండి కంటే నిలబడిన బండే ఎక్కువ చెడతాది. నడిచేదానికి ఏమన్నా అయితే చప్పుడు చేసి చెప్తాది. నిలబడింది నోరు తెరవదు. బ్యాటరీ వైరు పీకి పెట్టు సామీ అని అప్పుడే మొత్తుకున్నా, విన్యాడా? టెర్మినళ్ల మీద తెల్లగా ఉప్పు పేరుకోనుండాది. వేన్నీళ్లతో కడిగి, ఆరబెట్టి, వ్యాజిలిన్ పూసినాడు. పిల్లల పెదాలకు పెట్టిన డబ్బీ అది, సగం అయిపోయింది! లోపల పోసేదానికి డిస్టిల్డ్ వాటరే తెప్పించినా. మన బోరు నీళ్లు పోస్తే ప్లేట్లు పోతాయి.

డీజిలు సంగతి ఇంకోటి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గాలిలో తేమ చల్లబడి నీళ్లవుతాది. నీళ్లు బరువు గదా, అడుక్కు దిగి కూర్చుంటాయి. అందుకే ఫిల్టరు కింది బోల్టు వదులు చేసి కొంచెం కార్చి చూడాల. నిలబెట్టేటప్పుడే ట్యాంకు నిండా పోసి పెడితే ఈ తంటా ఉండదు. కానీ పంట డబ్బులు చేతికి రాకముందు ట్యాంకు నింపేదెవరు చెప్పు?

ఇంజనాయిలు చాలా బండ్లకు 250 గంటలకోసారి మార్చాల. కాసేపు ఇంజను ఆడించి, వేడి మీద ఉన్నప్పుడే దించాలంట. చల్లగా ఉంటే మడ్డి అడుగునే ఉండిపోతాది. ఆ నల్లనూనె పారబోయనీలేదు నేను. గొర్రు కర్రులకు పూయించినా, తుప్పు పట్టకుండా. మా మామ కాలంలో ఎద్దులబండి ఇరుసుకు ఆముదంలో గడ్డిమసి కలిపి కందెన వేసేవాళ్లు, ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉండాది.

అన్నిటికంటే ముఖ్యం ఎయిర్ క్లీనరు వదినా. మన నల్లరేగడి దుమ్ము సంగతి నీకు తెలియందా, ఆరేసిన చీర గంటలో రంగు మారతాది! మాది పాత బండి గదా, కింద గిన్నెలో నూనె పోసే రకం. ఇంజను పీల్చే గాలి ఆ నూనెను తాకి పోతాది, దుమ్ము అక్కడే అంటుకుంటాది. ఈ రోజు విప్పి చూస్తే నూనె లేదు, బురదే! దుక్కులప్పుడు దాన్ని రోజూ చూడాల. కడిగి గీత వరకే పోయాల, ఎక్కువైతే ఇంజను ఆ నూనెను కూడా తాగేస్తాది. మన మండలంలోనే గని ఊరి దగ్గర వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు పెట్టినారు గదా, వాళ్లకూ ఈ దుమ్ముతోనే పోరాటం. పలకలు కడగకపోతే కరెంటు తగ్గిపోతాది.

కేసీ కెనాలు కింద వరిమళ్లలో కేజీ వీల్సు వేసి దమ్ము చేసినాక ముందు చక్రాల హబ్బుల్లోకి బురదనీళ్లు పోతాయి. పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొత్తది కొట్టాల. ఆ పని మా పెద్దోడికి అప్పజెప్పినా. చెయ్యంతా పూసుకొని సంబరపడతాండాడు.

అన్నట్టు, మా అక్క కొడుకు మిన్నెసోటాలో ఉండాడే, వాడు నిన్న వీడియో కాల్ చేసినాడు. మంచు మీద పోయే బండి కొన్యాడు, స్నోమొబైల్ అంట. చక్రాలే లేవు! ముందర రెండు చెక్కల మాదిరి స్కీలు, కింద రబ్బరు పట్టా. వానికీ మన మాదిరే, బండి నిలబెట్టే తంటా. మంచు కరిగితే దాన్ని గ్యారేజీలో పెట్టాల. పెట్రోలులో ఏదో మందు కలపాల, ఇంజను లోపల నూనె చల్లాల, బెల్టు విప్పి పెట్టాల. ఇంకోటి విను, సైలెన్సరు గొట్టంలో ఎలకలు దూరకుండా మూయాల! అమెరికా పోయినా ఎలకల బాధ తప్పలేదని మీ తమ్ముడు ఒకటే నవ్వు. నిరుడు మన బండి వైర్లు కొరికినప్పుడు ఈ నవ్వు యాడికి పోయిందో.

ఆ బండి కథ కూడా చెప్పినాడు. కెనడాలో బొంబార్డియే అనే మెకానిక్కు. 1934 చలికాలంలో రెండేండ్ల కొడుక్కి కడుపులో చీము పట్టిందంట. మంచుతో దోవలు మూసుకపోయి ఆసుపత్రికి తీసకపోలేకపోయినాడు, బిడ్డ దక్కలేదు. మంచు మీద పోయే బండి కోసం అంతకుముందు నుంచే తంటాలు పడతాండాడంట. 1937లో ఏడుగురు కూర్చునే బండికి పేటెంటు తెచ్చుకున్యాడు. ఇప్పుడు మావాడు షికారుకు తోలేటి చిన్న రకం 1959లో వచ్చింది. విన్నప్పటి నుంచి నాకు ఆ తల్లే మనసులో మెదుల్తాండాది వదినా. అంబులెన్సు లేని రోజుల్లో మన పల్లెల్లో మాత్రం ఎంతమంది వాగు దాటలేక ఆగిపోయినారు.

సరేగానీ, తొలకరి పడితే ముందు మీ చేనే దున్నుతాడులే, నేను చెప్తా. డీజిలు మాత్రం మీరే పోయించాల. ఆ, ట్యాంకు నిండా!