ముడతలు పడని వేళ్లు

శ్రావణమాసం వస్తోందంటే ఆ ఇంట్లో మిషను చప్పుడు ఆగదు. వరలక్ష్మీవ్రతానికి కట్టుకునే చీరల మీదికి జాకెట్లు, పెళ్లిళ్లకు పట్టు జాకెట్లు, చీరలకు ఫాల్స్... తెనాలి పక్కనున్న ఆ పల్లెలో సగం మంది ఆడవాళ్లు ఆమె గుమ్మం ముందే కనిపిస్తారు. ఇరవై రెండేళ్లుగా ఆమె కుట్టిన జాకెట్టు అంటే మళ్లీ విప్పి కుట్టించుకునే పని ఉండదని ఓ నమ్మకం. అలాంటిది 2022 శ్రావణంలో ఆమె చేతిలోంచి సూది జారిపోవడం మొదలైంది.

ఒకసారీ రెండుసార్లూ కాదు. హుక్కులు కుడుతూ కుడుతూ, సూది వేళ్ల మధ్యే ఉందనుకునేది. చూస్తే ఒళ్లో పడి ఉండేది. గుండీ పట్టుకుంటే గుండీ ఉన్నట్టు తెలిసేది కాదు. రాత్రిళ్లు మరీ ఘోరం. రెండు గంటలప్పుడు మెలకువ వచ్చేది. కుడిచేతి నిండా చీమలు పాకుతున్నట్టు ఒకటే తిమ్మిరి. ఆ వెనకే మంట. లేచి కూర్చుని, తడి చెయ్యి విదిలించినట్టు విదిలించుకుంటే కాసేపటికి సర్దుకునేది. అప్పటికి నిద్ర పోయేది.

భర్తకు చెప్పింది. ఆయనది కిరాణా కొట్టు. ముప్ఫై ఏళ్లుగా కాటా ముందు కూర్చున్న మనిషి. కాటా మీద చూపించనిదేదీ నమ్మడు. "రోజంతా అదే పనిగా కుడితే తిమ్మిరెక్కదా? రెండ్రోజులు ఊరుకో, అదే పోతుంది" అన్నాడు. అత్తగారైతే, "మా రోజుల్లో నాట్లేసి వచ్చి వడ్లు దంచేవాళ్లం. ఈ తిమ్మిర్లూ అవీ మేమెరగం తల్లీ" అంది. అందులో కోపమేమీ లేదు. నమ్మకమూ లేదు.

ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఎక్స్‌రే తీయించారు. ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. రక్తం పరీక్ష చేయించారు. షుగరు లేదు, అంతా బాగానే ఉందన్నారు. బలానికి మాత్రలిచ్చి పంపారు. ఆ 'బాగానే ఉంది' అన్న మాటే ఆమెకు పెద్ద బరువైపోయింది. అన్నీ బాగానే ఉంటే, బాగా లేనిది తన మనసేనా? ఆమెకే అనుమానం వచ్చేసింది. ఆ తర్వాత చెప్పడం మానేసింది. సూది పడిపోతే ఎవరూ చూడకుండా వెతుక్కునేది. అప్పచెప్పాల్సిన జాకెట్లు ఆలస్యమవుతుంటే, కరెంటు లేదనో, చుట్టాలొచ్చారనో చెప్పేది.

దసరా సెలవులకు గుంటూరు నుంచి కూతురు వచ్చింది. అమ్మ అన్నం కలుపుకుంటుంటే చూపుడువేలి మీద ఇంత బొబ్బ కనిపించింది. "ఎలా కాలిందమ్మా?" అంటే ఆమె కూడా అప్పుడే చూసుకున్నట్టు చూసుకుంది. పొద్దున జాకెట్టు ఇస్త్రీ చేస్తున్నప్పుడు పెట్టె తగిలి ఉంటుంది. వేలు కాలిన సంగతి ఆ వేలికే తెలియలేదు! కూతురు మరి ఒక్క మాట వినలేదు. నాన్నను కొట్టు మూయించి, అమ్మను హైదరాబాదులో ఓ పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడ నరాల డాక్టరమ్మ ఎక్స్‌రే కాగితాలు పక్కన పెట్టి, మొదట చెయ్యి పట్టుకుంది. "ఏయే వేళ్లమ్మా?" అని అడిగింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేల్లో సగం. చిటికెన వేలికి ఏమీ లేదు. డాక్టరమ్మ తల ఊపింది. "మీరు చెప్పేది పుస్తకంలో బొమ్మ గీసినట్టే ఉంది" అంది. ఇన్ని నెలల్లో ఆమె మాటను అలా విన్నవాళ్లు లేరు.

మణికట్టు దగ్గర ఓ ఇరుకైన దారి ఉంటుంది. అడుగున ఎముకలు, పైన గట్టి పట్టీ. ఆ సందులోంచే వేళ్లను వంచే తొమ్మిది స్నాయువులూ, వాటితో పాటు మీడియన్ నరమూ అరచేతిలోకి దిగుతాయి. లోపల వాపు పెరిగితే ముందుగా నలిగేది నరమే. దాన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. చిటికెన వేలికి వెళ్లే అల్నార్ నరం ఆ దారిలోంచి పోదు. అందుకే ఆ వేలు బతికిపోయింది. ఎక్స్‌రేలో కనిపించేది ఎముక. నలిగిన నరం అందులో ఎలా కనిపిస్తుంది?

నరానికి చిన్నగా కరెంటు ఇచ్చి వేగం కొలిచే పరీక్ష చేశారు. మణికట్టు దగ్గర మీడియన్ నరం బాగా నెమ్మదించిందని తేలింది. డాక్టరమ్మ కాగితం చూపించింది. అన్నీ అంకెలు. భర్త అటూ ఇటూ తిప్పి చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన ముఖంలో మార్పేమీ లేదు.

"ఇంకో చిన్న కొలత ఉంది. చికిత్సకు ఇది తప్పనిసరేం కాదు. మేము పరిశోధన కోసం చేస్తున్నాం. సూది గుచ్చడం, నొప్పి... అలాంటివేమీ ఉండవు. మీకిష్టమైతేనే" అంది డాక్టరమ్మ. కొలత అనేసరికి భర్త కూడా వెంట వచ్చాడు.

నరమంటే స్పర్శ మోసుకెళ్లే తీగ అనే అనుకుంటాం. అదొక్కటే కాదు. ఆ కట్టలోనే వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని పోగులుంటాయి. మనం చెప్పకుండానే చెమట పట్టించేవీ, చర్మంలోని రక్తనాళాలను బిగించేవీ అవే. స్పర్శను మోసే లావుపాటి పోగుల్లో సంకేతం సెకనుకు యాభై మీటర్ల దాకా పరుగెడితే, ఈ సన్నపోగుల్లో మీటరు అటూ ఇటూ నడుస్తుంది. వేగం కొలిచే పరీక్షకు వినిపించేది లావుపాటి పోగుల మాటే. సన్నవాటి సంగతి తెలియాలంటే అవి చేసే పనిని చూడాలి. అంటే వేలికొసలో రక్తం ఎలా పారుతోందో చూడాలి.

అందుకు వాడేది లేజర్ డాప్లర్. వేలికొసకు చిన్న బిళ్ల అంటిస్తారు. అందులోంచి సన్నని లేజర్ కాంతి చర్మంలోకి సుమారు మిల్లీమీటరు లోతు వెళ్తుంది. కదులుతున్న రక్తకణాలకు తగిలి తిరిగొచ్చే కాంతి పౌనఃపున్యం కాస్త మారుతుంది. మనవైపు వస్తున్న రైలు కూత ఒకలా, దాటిపోయాక మరొకలా వినిపించదూ? అదే సూత్రం. ఈ పద్ధతిలో చర్మంలోని రక్తప్రవాహాన్ని గమనించవచ్చని మైకేల్ స్టెర్న్ 1975లో చూపించాడు.

గదిలో చలీ వేడీ లేకుండా సర్ది, ఆమెను ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. పొద్దుటి నుంచి కాఫీ కూడా తాగొద్దన్నారు. భర్తకు విసుగొచ్చింది. "కొలవడానికి ఇంత కాపలా ఏమిటండీ?" అన్నాడు.

"మీరు తూచే ముందు కాటాని సున్నాకి తెచ్చుకోరూ?" అంది డాక్టరమ్మ. "వేలికొసలో రక్తం చలికి తగ్గుతుంది, వేడికి పెరుగుతుంది. కాఫీకీ కంగారుకీ కూడా మారుతుంది. అవన్నీ కుదురుకోకుండా కొలిస్తే దొంగతూకమే!"

ఆయన మొదటిసారి నవ్వాడు. "ఇంతకీ ఎంతుండాలి?" అనడిగాడు.

"అదే చిక్కు. దీనికి గ్రాములూ లీటర్లూ లేవు. మీ అంకెతో నా అంకె పోల్చకూడదు. నరం తెగిన కొత్తలో వేలు వెచ్చగా ఉంటుంది, నెలలు గడిచాక చల్లబడుతుంది. ఒక్క అంకె చూసి ఏమీ చెప్పలేం. అందుకే ఒకే చేతిలో రెండు వేళ్లు పక్కపక్కన పెట్టి చూస్తాం."

ఒక బిళ్ల మధ్యవేలికి, ఒకటి చిటికెన వేలికి. తెర మీద రెండు గీతలు సన్నగా వణుకుతూ నడుస్తున్నాయి. "అమ్మా, ఒక్కసారి గట్టిగా, గబుక్కున ఊపిరి పీల్చండి" అంది డాక్టరమ్మ. ఆమె పీల్చింది. అలా హఠాత్తుగా పీలిస్తే వేలికొసల్లోని రక్తనాళాలు బిగుసుకోవాలి. చిటికెన వేలి గీత బావిలోకి చేద జారినట్టు కిందికి దిగింది. కొద్ది సెకన్ల తర్వాత మెల్లగా పైకి తేలింది. మధ్యవేలి గీత మాత్రం... కొంచెం వంగి ఊరుకుంది. మళ్లీ పీల్చమన్నారు. మళ్లీ అంతే. మూడోసారీ అంతే.

భర్త కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇది ఆవిడ కావాలని చేస్తే అవుతుందా?" అనడిగాడు. ఏ ఉద్దేశంతో అడిగాడో గదిలో అందరికీ అర్థమైంది.

"ఊపిరి ఆవిడ చేతిలో ఉంది. ఒక వేలికి రక్తం తగ్గించి, ఇంకో వేలికి ఉంచడం ఎవరి చేతిలోనూ లేదు" అంది డాక్టరమ్మ. ఒక్క క్షణం ఆగి, "ఈ గీత మామూలుగా వచ్చినా ఆవిడ చెప్పింది అబద్ధమయ్యేది కాదండీ. కొందరికి నొప్పి ఎక్కువుంటుంది, గీత బాగానే ఉంటుంది. ఇది కొలిచేది రక్తాన్ని. బాధను కాదు" అంది.

ఆమె ఏమీ అనలేదు. తెర వంకే చూస్తోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. జబ్బు ఉందని తేలితే సంతోషించే రోజు వస్తుందని ఎవరనుకుంటారు!

వేళ్ల రక్తం నరాల కథ చెబుతుందన్నది ఇప్పటి మాట కాదు. నరాలు దెబ్బతిన్నవాళ్ల వేళ్లలో రక్తప్రసరణ ఎలా మారుతుందో లండన్‌లో థామస్ లూయిస్, జార్జ్ పికరింగ్ 1936లోనే రాశారు. నీళ్లలో నానినా అలాంటి వేళ్లు ముడతలు పడవని అప్పుడే గమనించారు. 1973లో ఒరియాన్ అనే డాక్టరు దాన్ని చేతి నరాలకు సులువైన పరీక్షగా బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ముందుకు తెచ్చాడు. నానితే చర్మం ఉబ్బి ముడతలు పడుతుందని చాలాకాలం అనుకున్నారు. నీళ్లలో ఉన్నప్పుడు సన్నపోగులు రక్తనాళాలను బిగిస్తాయనీ, వేలికొస లోపల పరిమాణం తగ్గి పై చర్మం ముడుచుకుంటుందనీ 2003లో సింగపూర్ పరిశోధకులు రక్తప్రవాహం కొలిచి చూపించారు. అంటే లేజర్ యంత్రం చెప్పే సంగతే గోరువెచ్చని నీళ్లూ ఓ గిన్నే కూడా కొంతవరకు చెబుతాయన్నమాట. అయితే గిన్నె చూసి వైద్యం చేసేసుకోకూడదు. అనుమానం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

"అంట్లు తోమాక మీ వేళ్లు ఎప్పుడైనా చూసుకున్నారా?" అని డాక్టరమ్మ అడిగితే ఆమె నవ్వేసింది. "అంట్లు తోమాక వేళ్లు చూసుకునే తీరికెక్కడిదమ్మా?" అంది.

ఊరికి తిరిగొచ్చిన రోజు సాయంత్రం బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పెట్టుకుని చెయ్యి ముంచింది. అరగంట తర్వాత తీసింది. చిటికెన వేలు ఎండుద్రాక్షలా ముడతలు పడింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రం నున్నగా, పాలిష్ పెట్టినట్టున్నాయి. అత్తగారు కళ్లజోడు తెచ్చుకుని మరీ చూసింది. వేళ్లను ఒక్కొక్కటే తడిమింది. ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లి, సింకులో గిన్నెలు తనే కడగడం మొదలుపెట్టింది.

ఆ కార్తీకంలో ఆపరేషన్ అయింది. నరం మీది పట్టీని కోసి దారి వదులు చేశారు. కోత చిన్నదే. ఆ రోజే ఇంటికి పంపారు. రాత్రి తిమ్మిర్లు కొద్దిరోజుల్లోనే తగ్గాయి. స్పర్శ మాత్రం అంత తొందరగా రాలేదు. చాలాకాలం నలిగిన నరం కోలుకోవడానికి నెలలు పడుతుందనీ, పూర్తిగా కోలుకోకపోవచ్చుననీ డాక్టరమ్మ ముందే చెప్పింది. సంక్రాంతికి కుట్టు ఒప్పుకోలేదు. వచ్చినవాళ్లను ఇంకో చోటికి పంపింది. ఈసారి కరెంటు లేదని చెప్పలేదు. చెయ్యి బాగాలేదనే చెప్పింది.

భర్త అన్న మాటల గురించి ఆ ఇంట్లో మళ్లీ ప్రస్తావన రాలేదు. ఆయన క్షమించమనీ అడగలేదు. ఆ తరం మగవాళ్లకు ఆ మాట నోటికి రాదు. కానీ ప్రతి ఆదివారం కొట్టు కాస్త ముందే కట్టేసి వచ్చేవాడు. నీళ్లు తనే కాచేవాడు. మోచేయి ముంచి వేడి చూసేవాడు. ఆమె చెయ్యి బేసిన్‌లో పెట్టించి, గడియారం చూసుకుంటూ ఎదురుగా కూర్చునేవాడు. అరగంటయ్యాక తుడిచి, లైటు కింద పెట్టి చూసి, కొట్టు పద్దుల పుస్తకంలో చివరి పేజీలో రాసుకునేవాడు. లేదు. లేదు. మళ్లీ లేదు.

2023 ఉగాది దాటాక ఓ ఆదివారం, మధ్యవేలి చివర సన్నగా రెండు గీతలు కనిపించాయి. ఆయన వేలిని దగ్గరికి తెచ్చుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తర్వాత చూపుడువేలు. అక్కడా ఒకటి. బొటనవేలు ఇంకా నున్నగానే ఉంది.

"వచ్చాయే..." అన్నాడు.

"నలభై ఎనిమిదేళ్లొచ్చాయి. ముడతలు రాకేం చేస్తాయి?" అంది ఆమె.

ఆయన నవ్వలేదు. చెయ్యి వదల్లేదు. పద్దుల పుస్తకం ఆ రోజు ఆమెకే ఇచ్చి రాయమన్నాడు. పెన్ను పట్టు ఇంకా సరిగా కుదరలేదు. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి. పెన్ను మాత్రం జారలేదు.