పొగ వచ్చినదా?



పాత డీజిలు ఇంజను మొరాయించినప్పుడు మనుష్యులు మొదట చేయు పని, హ్యాండిలు పట్టుకొని రొప్పువచ్చువరకు త్రిప్పుట. రెండవది దానిని తిట్టుట. మూడవది పాత ఇనుము కొనువానికి తూకమునకు వేయుట. ఈ మూడింటికి ముందు చేయదగినది ఒకటి కలదు. దానిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండును. డీజిలులో అది లేదు. జర్మనీ దేశమున రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన యంత్రము నేటికిని అదే సూత్రముమీద నడచుచున్నది. సిలిండరులోని గాలిని దాని పరిమాణములో సుమారు పదునారవ వంతునకు, ఒక్కొక్కప్పుడు అంతకంటెను తక్కువకు, నొక్కుదురు. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలకు పైగా కాగును. అందులో సన్నని తుంపరగా పడిన డీజిలు తానే అంటుకొనును. కాబట్టి ఇంజను లేవలేదనగా గాలి చాలలేదు, నూనె అందలేదు, లేక నొక్కుడు చాలక వేడి పుట్టలేదు.

వీటిలో ఏది లోపమో తెలిపునది పొగగొట్టము. తాండూరులో నేనెరిగిన ముసలి మేస్త్రీ ఒకడు ఎవరు వచ్చినను మొదట అడుగు ప్రశ్న, “పొగ వచ్చినాదే?” త్రిప్పుచుండగా పొగ ఏమియు రాకున్న నూనె సిలిండరువరకు చేరుటలేదు. తెల్లని పొగ వచ్చిన నూనె చేరినది గాని కాలలేదు. అనగా చలి, నొక్కుడు తగ్గుట, లేక నెమ్మదిగా త్రిప్పుట. నల్లని పొగ వచ్చిన గాలి చాలలేదు. తాండూరు బండ కోయు చోట్ల ఈ మూడవది తరచు కనబడును. సున్నపురాతి దుమ్ము గాలి ఫిల్టరును మూసివేయును.

నూనె అందకపోవుటకు కారణములు ఎంత చిన్నవో చూచిన నవ్వు వచ్చును. ట్యాంకు కుళాయి మూసియుండును. ఆపుటకు లాగిన మీట లాగినట్లే ఉండిపోవును. ట్యాంకు మూతకున్న సన్నని రంధ్రము మట్టితో పూడియుండును. పదిమంది కన్యకల ఉపమానములో నూనె లేకపోవుటే చిక్కు. ఇక్కడనో ట్యాంకు నిండ నూనె ఉండియు దీపము వెలుగదు. గొట్టములో గాలి బుడగ చేరినను అంతే. పంపు ఆ బుడగను నొక్కును, బుడగ అణగి మరల ఉబ్బును, నూనె మాత్రము ముందుకు కదలదు.

సముద్రముమీద పాత తెరచాప పడవలలోను ఇట్టి చిన్న ఇంజనులే ఉండును. గాలి పడిపోయి పడవ రాళ్లవైపు కొట్టుకొనిపోవు వేళ వాటితో పని పడును. అక్కడ మరియొక అపాయము కలదు. ఇంజనును చల్లార్చు సముద్రపు నీరు అనేక పడవలలో పొగగొట్టములో కలిసి, పొగ నెట్టగా బయటికి పోవును. ఇంజను లేవకయే చాలసేపు త్రిప్పినయెడల నీటిని నెట్టు పొగ లేదు గనుక అది వెనుకకు తన్ని సిలిండరులో చొరబడవచ్చును. ఎరిగినవారు ముందు నీటి కవాటము మూసి త్రిప్పుదురు. లేచిన వెంటనే తెరతురు. ఊరకే త్రిప్పుట మెట్టమీద చేతులకు మాత్రమే నొప్పి. నీటిమీద ఇంజనుకే మరణము.

వికారాబాదునుండి తాండూరుకు పోవు త్రోవలో ఒక పల్లెయందు విధవరాలొకతె టమాట వేసినది. 2018 జనవరి 1 నుండి మన తెలంగాణలో సేద్యమునకు 24 గంటలు ఉచితముగా కరెంటు వచ్చుచున్నది గనుక, ఆమె భర్తనాటి అయిదు గుర్రపు బలముల ఇంజను కొట్టములో మూల పడియుండెను. పూత దశలో కరెంటు మోటారు కాలిపోయెను. వైండింగు చేయించుటకు వారము పట్టునని చెప్పిరి. ఇంజను లేవలేదు. “అయ్యగారూ, ఇది సచ్చింది. రేపు ఇనుపసామానోనికి ఇచ్చేస్త,” అనెను. ఆ పైకము మోటారు ఖర్చునకు చాలదని ఆమెకును తెలియును. నేను మేస్త్రీని పిలుచుకొని పోతిని.

పొగ రాలేదు. అతడు ట్యాంకు అడుగు మర విప్పగా మొదట వచ్చినది నీళ్లు. సగము ఖాళీగా ఉన్న ట్యాంకులో వానకాలపు చెమ్మ చేరి, డీజిలుకంటె బరువైనది గనుక, అడుగున నిలిచెను. దానిని పారబోసి, ఫిల్టరు మార్చి, ఫిల్టరుమీది మరను వదులు చేసి, బుడగలు ఆగి నూనె నిండుధారగా వచ్చువరకు కారనిచ్చెను. పిమ్మట పంపువద్ద, ఆ పిమ్మట ఇంజెక్టరు గొట్టపు నట్టువద్ద అట్లే చేసెను. నేను వంగి చూడబోగా, “చెయ్యి దూరం పెట్టున్రి, ఆ తుంపర తోలు చీల్చుకొని లోపలికి పోతది,” అని నన్ను వెనుకకు నెట్టెను. తరువాత నొక్కుడు వదలు మీట ఎత్తి, బొటనవ్రేలు హ్యాండిలును చుట్టక మిగిలిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచి (ఎదురు తన్నిన మణికట్టు విరుగును), చక్రము వేగము పుంజుకొనువరకు త్రిప్పి మీట దించెను.

రెండుసార్లు తెల్లని పొగ వచ్చి ఆగెను. రింగులు అరిగినవనుచు గాలి పోవు దారిలో చెంచాడు ఇంజను ఆయిలు పోసెను. మూడవసారి టకటకమని లేచినది.

“ఎండకాలం లోపల రింగులు మార్పియ్యాలె,” అనెను మేస్త్రీ. ఆమె వినుచున్నట్టు కనబడలేదు. మనుమని పిలిచి, పార చేతికిచ్చి, మొదటి మడికి గట్టు తెగ్గొట్టుమని పంపుచుండెను.